హామీపత్రం

పోయిన వారం ఒక పత్రిక నుంచి ఒకమ్మాయి సైనిక్‌పురిలోని మా ఫ్లాటుకి వచ్చి, పోటీకి వచ్చిన కవితల కట్ట నా బల్ల మీద పెట్టింది. న్యాయనిర్ణేతగా ఉండమని ఫోనులో అడిగినప్పుడే కాదందామనుకున్నాను గానీ మొహమాటం నా పాత జబ్బు. తెర మీద చదవలేనని సణిగినందుకు పాపం అన్నీ ప్రింట్లు తీసి, క్లిప్పులు పెట్టి మరీ తెచ్చింది. ఊరికే తిరగేశాను. ప్రతి మూడో కవితా అమ్మ మీదే. చాలావాటిలో అమ్మ చనిపోయి ఉంది. హామీపత్రాలేవమ్మా అని అడిగితే ఆ అమ్మాయికి ముందు అర్థం కాలేదు. తర్వాత నవ్వి, "అవి ఇప్పుడు లేవు సార్. ఆన్‌లైన్ ఫామ్‌లనే కింద చిన్న డబ్బా ఉంటది, టిక్కు కొడితే అయిపోతది" అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి అసలు సంగతి అడిగింది. పోటీ ఫలితాల సంచికలో నా ‘అమ్మ చెయ్యి’ కవిత మళ్ళీ వేసుకుంటారట. "మా డిగ్రీల తెలుగు మేడం అది క్లాసుల చదివి ఏడ్చింది సార్. ఆ లాస్ట్ నాలుగు లైన్లయితే మాకందరికీ నోటికొచ్చు. పాత సంచిక ఎక్కడ దొరుకుతలేదు, మీ దగ్గర కాపీ ఉంటే ఇయ్యండి" అంది. వెతికి పెడతానని చెప్పి పంపించాను.

నా దగ్గర కాపీ లేదు. కావాలనే ఉంచుకోలేదు. ఉంటే గింటే అమ్మ రేకుపెట్టెలో ఉండాలి. ఆ పెట్టె ఆవిడ పోయిన వారానికి తాళం వేసింది వేసినట్టు మూడు ఇళ్ళు మారి నాతో వచ్చింది. ఇల్లు మారిన ప్రతిసారీ దాన్ని మంచం కిందికి తోసేసి ఊరుకునేవాణ్ణి. ఆ సాయంత్రం బయటికి లాగాను. తాళంచెవి ఎక్కడుందో నాకు తెలుసు, తెలియనట్టు ఇన్నేళ్ళూ నటించాను.

అప్పట్లో మేం సికింద్రాబాదులో కార్ఖానా అనే పేటలో ఉండేవాళ్ళం, ఒక మేడ మీద రెండు గదుల్లో. కంటోన్మెంటు నుంచి పొద్దున్నే వినిపించే బ్యూగిల్‌తో అమ్మ స్టవ్ వెలిగించేది. బాపట్ల వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చిన మనిషి, మిషన్ బడిలో తెలుగు టీచరు. పేరు సుగుణ. నాన్న నా చిన్నప్పుడే పోయారు కాబట్టి ఇంట్లో మేమిద్దరమే. నాకు తెలిసిన ఆదివారాలన్నిటికీ ఒకటే వాసన. మేం గుడి అని పిలిచే చర్చి నుంచి వచ్చాక మాంసం కూర, ఆ తర్వాత తుడిచిన బల్ల మీద తడి గుడ్డ వాసన, దాని మీద ఇంకు వాసన. ఎందుకంటే ఆదివారం మధ్యాహ్నం నా కవితలకి ఫెయిర్ కాపీ రాసే సమయం. నా చేతిరాత నాకే అర్థమయ్యేది కాదు. బడిలో వక్తృత్వం, వ్యాసరచన మొదలుకొని కాలేజీ రోజుల్లో వారపత్రికల పోటీల దాకా నేను పంపినవన్నీ అమ్మ చేతిరాతలోనే వెళ్ళాయి. బల్ల మీద పసుపు మరక ఉంటే కాగితానికి అంటుతుందని ముందు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిచేది. తెల్లకాగితాన్ని ఎడమవైపు రెండు వేళ్ళ వెడల్పున మడిచి, గోటితో గీసి మళ్ళీ విప్పేది. మార్జిన్ కోసం గీత గీస్తే కాగితం మొహం పాడవుతుందనేది. నియమాలు బయటికి చదివేది, తెలిసినవే అయినా. కాగితానికి ఒకవైపే రాయాలి. కవిత మీద పేరు ఉండకూడదు. తిప్పి పంపడానికి తపాలా బిళ్ళలు అంటించిన కవరు జతపరచాలి. చివరగా, హామీపత్రం విధిగా ఉండాలి.

నేనెప్పుడూ ఆఖరి తేదీ మీదపడే దాకా పూర్తి చేసేవాణ్ణి కాదు. సగం కవిత ఇచ్చి, మిగతాది వస్తుందమ్మా అనేవాణ్ణి. ఆవిడ విసుక్కోకుండా ఉన్నంతవరకూ రాసి, రావలసిన పంక్తికి ఒక్కొక్క పెన్సిలు చుక్క చొప్పున మార్జిన్ పక్కన పెట్టి, అంత చోటు వదిలి, కింద హామీపత్రం కూడా రాసేసేది. ‘ఈ కవిత నా సొంతమనీ, దేనికీ అనుకరణ గానీ అనువాదం గానీ కాదనీ, మరే పత్రిక పరిశీలనలోనూ లేదనీ హామీ ఇస్తున్నాను.’ దాని కింద సంతకానికి చోటు. "చుక్కలున్నచోట నింపుకో. అంతా నింపాక సంతకం చెయ్యి, ముందు చెయ్యకు" అనేది. ఇంటర్లో ఉండగా ఒకసారి పాత పత్రికలోంచి రెండు పంక్తులు ఎత్తి నా కవితలో పెట్టాను. మంచి పంక్తులు, ఎవరికి గుర్తుంటాయిలే అనుకున్నాను. అమ్మ ఆ రెండు పంక్తుల దాకా వచ్చి కలం మూత పెట్టింది. కళ్ళజోడు తీసి నావంక చూసి, "ఇవి కూడా రాయమంటే రాస్తాను. కింద సంతకం చేస్తావా?" అంది. అరిచినా బాగుండేది. ఆ కాగితం చింపేసి ఆ పోటీకి ఏమీ పంపలేదు.

నా డిగ్రీ అయ్యేసరికి సికింద్రాబాదంతా కంప్యూటర్ల గోలలో పడింది. ఎవరి నోట విన్నా కోర్సులు, వీసాలు. అమీర్‌పేటలో మెట్లెక్కితే చాలు ఏదో ఒక లాంగ్వేజీ నేర్పేసే గదులు. నాకు అవేవీ తలకెక్కలేదు గానీ ఇంగ్లీషు వినికిడి బాగుందని బేగంపేటలో ఒక కంపెనీవాళ్ళు తీసుకున్నారు. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి రికార్డు చేసిన మాటల్ని హెడ్‌ఫోన్లలో వింటూ టైపు చెయ్యడం నా పని. బయట చెప్పుకోవడానికి సాఫ్ట్‌వేరే. అమ్మ కూడా గుడిలో అలాగే చెప్పుకుంది. ఎప్పుడూ చూడని మనుషుల జబ్బులు రోజుకి పదిహేను ఇరవై చొప్పున నా వేళ్ళ కిందనుంచి వెళ్ళిపోయేవి. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో, ఎక్కడ డాక్టరు గొంతు తగ్గిస్తాడో, ఎన్ని ఫైళ్ళ తర్వాత ఒక రోగి పేరు మళ్ళీ రాదో నాకు అలవాటైపోయింది. అందుకే క్రిస్మస్‌కి ముందు అమ్మ కడుపునొప్పికి స్కాను తీయించి కాగితం నా చేతిలో పెట్టినప్పుడు డాక్టరు నాకు వివరించనవసరం లేకపోయింది. అవే మాటలు, అదే వరుసలో. "రెండు నెలలు. మహా అయితే మూడు" అన్నాడాయన. అమ్మకి చెప్పవద్దని నేనే అన్నాను. అల్సర్ అని చెప్పాం. ఆవిడ నమ్మినట్టే మజ్జిగన్నం తినడం మొదలుపెట్టింది.

ఇప్పుడు రాయబోయేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ జనవరిలో ఒక వారపత్రిక ఉగాది కవితల పోటీ ప్రకటించింది. ఫలితాలు, బహుమతి పొందిన కవిత ఉగాది సంచికలో. నేను ఆ ప్రకటన చూస్తూ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాను. డాక్టరు చెప్పిన నెలలు అయిపోతాయి, ఉగాది తర్వాత వస్తుంది. అంటే అమ్మ మరణం మీద కవిత రాసి ఇప్పుడే పంపినా, అచ్చయ్యేనాటికి అది నిజమైపోతుంది. దుఃఖంతో రాశానని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. దుఃఖం ఉంది, కాదనను. దానితోపాటు ఈ కవితకి బహుమతి వచ్చి తీరుతుందన్న దురాశ కూడా ఉంది. పక్కగదిలో అమ్మ దగ్గుతుంటే ఈ గదిలో కూర్చుని ఆవిడ పోయినట్టు రాశాను. ఆఖరి చరణం ఇది:

ఆఖరున
నా చేతిలో అమ్మ చెయ్యి
వెచ్చగా ఉన్నంతసేపూ ఉన్నాను
చల్లబడ్డాకా వదల్లేదు

దీన్ని ఫెయిర్ కాపీకి అమ్మకి ఎలా ఇస్తాను? జీవితంలో మొదటిసారి ఒక డీటీపీ సెంటరుకి వెళ్ళి టైపు చేయించాను. హామీపత్రం కూడా అక్కడే కొట్టించి, అక్కడే నిలబడి సంతకం చేసి, అక్కడినుంచే పోస్టు చేశాను. అమ్మ ఆ ప్రకటన తనూ చూసినట్టుంది. ఒక ఆదివారం బల్ల తుడిచి, "ఈసారి ఏం పంపట్లేదా?" అని అడిగింది. ఆఫీసు పనితో తీరిక లేదన్నాను. తుడిచిన బల్ల దగ్గరే కాసేపు కూర్చుని లేచి వెళ్ళింది.

ఫిబ్రవరి వెళ్ళింది, మార్చి వెళ్ళింది. అమ్మ బాగా చిక్కింది, కానీ ఉంది. ఆవిడ ఒక పూట ఇంత ఎక్కువ తింటే నాకు సంతోషంతోపాటు భయం వేసేది. ఆ భయం దేనికో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం. కవితకి మొదటి బహుమతి వచ్చినట్టు ఉత్తరం ఆఫీసు చిరునామాకి వచ్చింది. అప్పుడైనా పత్రికవాళ్ళకి ఫోను చేసి ఆపమని చెప్పవచ్చు. చెయ్యలేదు. దానికి బదులు పేపరాయన దగ్గరికి వెళ్ళి ఉగాది సంచిక మా ఇంట్లో వెయ్యవద్దని చెప్పి, అమ్మతో ఆయన ఊరెళ్ళాడని అబద్ధమాడాను. నా తెలివి అంతవరకే పనిచేసింది. ఆ పత్రిక ఊళ్ళో ఇంకా ఎందరిళ్ళకి వెళ్తుందో ఆలోచించలేదు.

ఉగాది వెళ్ళిన శనివారం మధ్యాహ్నం వంటింట్లో బార్లీ నీళ్ళు వడగడుతున్నాను. తలుపు చప్పుడైతే అమ్మ గోడ పట్టుకుని నడిచి తనే తీసింది. "వందనాలు..." అని సగంలో ఆగిపోయిన గొంతు వినబడింది. తొంగి చూస్తే గుమ్మంలో ఎస్తేరమ్మ గారు, ఆవిడ తోడికోడలు. ఒకప్పుడు మా సంఘంలోనే ఉండి రాంగోపాల్‌పేటకి మారిపోయినవాళ్ళు. ఇద్దరూ తెల్లచీరలు కట్టుకున్నారు. చేతిలో బైబిలు, పాటల పుస్తకం, ద్రాక్షపళ్ళ సంచి. మనిషి పోయిన ఇంటికి ఆదరణ కూడికకి ఎలా వస్తారో అలా వచ్చారు.

"రండి ఎస్తేరమ్మా, ఎన్నాళ్ళకి! తెల్లచీరలేంటి, ఎవరైనా పోయారా?" అంది అమ్మ.

ఎస్తేరమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టారు. తోడికోడలే తడబడుతూ చెప్పింది. "బాబు పత్రికలో రాశాడు గదండీ... చూసి, అయ్యో మనకి కబురే అందలేదే, ఒక్కడే ఎలా ఉన్నాడో, నాలుగు ఆదరణ మాటలు చెప్పి వద్దామని..."

అమ్మ కుర్చీలో కూర్చుంది. "ఆ పత్రిక ఉందా?" అని అడిగింది. సంచిలో ద్రాక్షపళ్ళ కింద ఉంది. కళ్ళజోడు తెమ్మని నాకు చెప్పింది. తెచ్చి ఇచ్చాను. కాంపోజిషన్ పుస్తకం దిద్దినట్టే పంక్తి కింద వేలు పెట్టుకుంటూ మొదటినుంచి చివరిదాకా చదివింది. మళ్ళీ ఒకసారి చివరి చరణం దగ్గరికి వేలు వెళ్ళింది. "మొదటి బహుమతే వచ్చింది" అంది వాళ్ళతో. తర్వాత, "ఇంతదూరం వచ్చి ఊరికే వెళ్తారా, ఒక పాట పాడండి" అంది. వాళ్ళిద్దరూ పాడారు. అమ్మ కూడా కలిపింది. ఆవిడ ఆదరణ కూడికలో ఆవిడే కూర్చుని పాడుతుంటే నేను వంటింటి గుమ్మానికి ఆనుకుని, చేతిలో బార్లీ గ్లాసుతో నిలబడ్డాను.

వాళ్ళు పత్రిక అమ్మ దగ్గరే వదిలి వెళ్ళాక, "అల్సర్ కాదన్నమాట" అంది.

"కాదమ్మా."

"ఎప్పట్నించి తెలుసు?"

"క్రిస్మస్‌కి ముందు నుంచి."

"నాకు చెప్పకుండా ఊరందరికీ చెప్పావు" అంది. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను ఆఫీసుకి బూట్లు వేసుకుంటుంటే మంచం మీదనుంచే అడిగింది. "హామీపత్రం పెట్టావా?"

"పెట్టాను."

"సంతకం చేసి?"

"చేశాను."

"చివర్లో చెయ్యి పట్టుకున్నానని రాశావు. అది ఇంకా జరగలేదుగా. సంతకం చేసినవాడివి, జరిపించాలి మరి. ఉంటావా?"

"ఉంటానమ్మా" అన్నాను. ఆవిడ తల ఊపి, టైమవుతోంది వెళ్ళమంది. కోపం పోయిందో, కోపానికి ఓపిక లేకపోయిందో నాకు తెలియదు.

మే నెల ఎండల్లో చివరికొచ్చింది. నేను సెలవు పెట్టాను. కింది ఇంట్లో ఉండే లక్ష్మక్క పగలంతా మా ఇంట్లోనే ఉండేది. మాకేమీ కాని మనిషి. ఆవిడ కూతురికి అమ్మ పదో తరగతి తెలుగు చెప్పిందన్నదొక్కటే బాంధవ్యం. ఆ రోజు మూడు గంటలప్పుడు అమ్మ ఊపిరి మారింది. ఆ ఊపిరికి ఇంగ్లీషులో ఒక పేరుంది, ఎన్నిసార్లు టైపు చేశానో లెక్కలేదు. ఆ మాట తర్వాత రికార్డులో ఇంక ఎక్కువ ఉండదని కూడా తెలుసు.

"తమ్మీ, ఇటొచ్చి కూసో. అమ్మ చెయ్యి పట్టుకో జెర" అంది లక్ష్మక్క.

"పెదాలు ఎండిపోతున్నాయి, ఐసు తెస్తానక్కా" అని మెట్లు దిగాను.

ఐసు సందు చివరే దొరికింది. తీసుకుని ఇంటివైపు కాకుండా ఇరానీ హోటల్లోకి వెళ్ళి కూర్చున్నాను. ఒక చాయ్ తాగాను. లేద్దామనుకుని ఇంకో చాయ్ చెప్పాను. పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఏ కోర్సు చేస్తే ఎంత జీతమో వాదించుకుంటుంటే శ్రద్ధగా విన్నాను. బల్ల కింద కవరులో ఐసు కరిగి, చిల్లులోంచి కారి, నా చెప్పుల్లోకి వచ్చింది. అమ్మ మీద ప్రేమ లేక కాదు. భయపడ్డాను. కాగితం మీద అంత సులువుగా పట్టుకున్న చేతిని అక్కడ పట్టుకోలేకపోయాను. ఇంతకంటే నా తరఫున చెప్పుకోవడానికి ఏమీ లేదు.

తిరిగి వెళ్ళేసరికి లక్ష్మక్క మంచం పక్కన అలాగే కూర్చుని ఉంది, అమ్మ చెయ్యి రెండు చేతుల్లో పెట్టుకుని.

"ఏడికి పోయినవ్ తమ్మీ? రెండుసార్లు నీ పేరే తీసింది. వస్తుండు టీచరమ్మా, గీడనే ఉన్నడు అని చెప్పిన. సల్లగైనా చెయ్యి ఇడువలే నేను, నువ్వొస్తవని" అంది.

అప్పుడైనా వెళ్ళి ఆ చెయ్యి అందుకోవలసింది. కరిగిన ఐసు కవరు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాను. లక్ష్మక్కే నెమ్మదిగా అమ్మ చెయ్యి గుండె మీద పెట్టి, చెంగుతో తన కళ్ళు తుడుచుకుంది.

ఇంకో నెలకి బహుమతి ప్రదాన సభ జరిగింది. వెళ్ళకుండా ఉండవచ్చు. వెళ్ళాను. శాలువా కప్పించుకుని, జ్ఞాపిక అందుకుని, మైకు ముందు కవిత మొత్తం చదివాను. ఆఖరి చరణం కాగానే జనం లేచి నిలబడ్డారు. కిందికి దిగాక ఒక పెద్దావిడ వచ్చి నా కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, "ఈ చెయ్యేనా బాబూ?" అని అడిగింది. అవునండీ అన్నాను. ఆ తర్వాత కథలు రాశాను, నవలలు రాశాను, పేరూ కొంత వచ్చింది. కవిత మళ్ళీ రాయలేదు. ఎందుకు మానేశారని అడిగినవాళ్ళకి వచనం నా స్వభావమని చెప్తూ వచ్చాను.

పెట్టెలో కళ్ళజోడు, కలం, పాటల పుస్తకం, రెండు నేత చీరలు. వాటి కింద అట్ట ఫైలు. బడి రోజుల నుంచి నేను పోటీలకి పంపినవన్నిటికీ కార్బను కాపీలు వరసగా పెట్టి ఉన్నాయి. అన్నిటికంటే పైన ఒక కాగితం మాత్రం కార్బను కాదు. గోటితో గీసిన మార్జిన్, ఒకవైపే రాసిన అక్షరాలు. చెయ్యి వణికినట్టు తెలుస్తోంది గానీ పంక్తి వంకరపోలేదు. ‘అమ్మ చెయ్యి.’ నేను ఆఫీసుకి వెళ్ళిన పగళ్ళలో, లక్ష్మక్క చేతే కాబోలు కాగితం తెప్పించుకుని, తన చావు మీద కొడుకు రాసిన కవితకి కూర్చుని ఫెయిర్ కాపీ రాసింది. అన్ని చరణాలూ ఉన్నాయి, ఆఖరిది తప్ప. అది ఉండవలసిన చోట, మార్జిన్ పక్కన, నాలుగు పెన్సిలు చుక్కలు. దాని కింద ఎప్పటిలాగే హామీపత్రం, పూర్తిగా. సంతకానికి చోటు.

నేను మాట నిలబెట్టుకుంటే నింపుకొమ్మని వదిలిందా, నిలబెట్టుకోలేనని ముందే తెలిసి తీసేసిందా, ఇక అడగడానికి లేదు. ఆ కాగితం బల్ల మీద పెట్టుకున్నాను. ఏడ్చాను, ఆ రోజు ఏడవనిదంతా.

మర్నాడు పత్రిక అమ్మాయికి ఫోను చేసి, కవిత దొరికింది, ఫోటో పంపిస్తాను, అందులో ఉన్నంతవరకే వెయ్యండి అని చెప్పాను. పంపిన పది నిమిషాలకి కంగారుగా ఆమే చేసింది.

"సార్, లాస్ట్ నాలుగు లైన్లు లేవు! అవే కదా సార్ అసలు. నాకు నోటికొచ్చు, నేను టైపు చేసి కలుపనా?"

"వద్దమ్మా. అవి నా సొంతం కావు."

"మరి ఎవరివి సార్?"

"లక్ష్మక్క అని, కార్ఖానాలో మా కింది ఇంట్లో ఉండేది. ఆవిడవి."

ఆ అమ్మాయి ఆవిడ కూడా కవయిత్రా అని అడిగింది. కాదని చెప్పి ఫోను పెట్టేశాను. బల్ల తడిగుడ్డతో తుడిచి, తర్వాత పొడిగుడ్డతో తుడిచాను. ఆ నాలుగు చుక్కలనీ అలాగే వదిలేసి, అమ్మ రాసిన హామీపత్రం కింద సంతకం చేశాను.